పంట ఆపేసిన తల్లి: గ్రీకు దేవుళ్లకి మనుషులతో ఏం పని?



గ్రీకు దేవుళ్లు అనగానే మనలో చాలామందికి సినిమాలే గుర్తొస్తాయి. చేతిలో పిడుగు పట్టుకున్న జియస్, త్రిశూలం పట్టుకున్న పొసైడన్, కింద వణికిపోయే మనుషులు. పోటీ పరీక్షల పుస్తకాల్లో అయితే ఒక్క లైనే: ఫలానా దేవుడు దేనికి అధిపతి? టిక్ పెట్టి ముందుకి పోతాం. కానీ ఆ కథల్ని నిదానంగా చదివితే ఇంకో సంగతి కనబడుతుంది. ఆ దేవుళ్లకి మనుషులు లేకపోతే గడవదు. ఈ రోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందు ఈ కథలు ఎక్కడివో చూద్దాం. గ్రీకులకి ఒక పవిత్ర గ్రంథం అంటూ లేదు. దేవుడి పేరు ఒకటే అయినా ఊరూరికీ పండుగ వేరు, మొక్కు వేరు, కథ వేరు. సుమారు క్రీ.పూ. 700 ప్రాంతంలో హోమర్, హెసియడ్ పేర్లతో ఉన్న పెద్ద పాటలు ఒక రూపానికి వచ్చాయని చరిత్రకారులు చెప్తారు. హెలికాన్ కొండ కింద గొర్రెలు కాస్తుంటే పాట దేవతలు వచ్చి తనకి పాట నేర్పారని హెసియడే చెప్పుకున్నాడు. అంటే మనం "గ్రీకు నాగరికత" అని గౌరవంగా చదువుకునే దానికి మొదటి గొంతుల్లో ఒకటి గొర్రెల కాపరిది.

అంత పెద్ద పాటలు రాయకుండా ఎలా గుర్తుంటాయి అని చాలాకాలం పండితులకి అనుమానం. 1930లలో మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ పరిశోధకుడు యుగోస్లావియా పల్లెలకి వెళ్లి, పాటగాళ్ల దగ్గర కూర్చొని రికార్డు చేశాడు. అక్కడ అవ్దో మెజెదోవిచ్ అనే పాటగాడికి చదవడం, రాయడం రాదు. ఆయన చెప్పిన ఒక్క పాటే 12 వేల పాదాలు దాటింది. హోమర్ పాటలు కూడా ఇలా నోటి మీద పెరిగిన సంప్రదాయం నుంచే వచ్చాయని ప్యారీ పని చూపించింది. "మీకు పుస్తకం లేదు కాబట్టి మీది మతం కాదు, చరిత్ర కాదు" అని మనల్ని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు దేవుళ్లకీ మనుషులకీ మధ్య లెక్క ఎక్కడ మొదలైందో చూద్దాం. హెసియడ్ చెప్పిన కథ ఇది. మెకోన్ అనే చోట దేవుళ్లూ మనుషులూ ఒక ఎద్దుని పంచుకోవాలి. పంచే పని ప్రొమీథియస్ తీసుకున్నాడు. మంచి మాంసాన్ని ఎద్దు పొట్ట కింద దాచి చూడ్డానికి అసహ్యంగా పెట్టాడు. ఎముకల్ని తెల్లగా మెరిసే కొవ్వుతో కప్పి అందంగా పెట్టాడు. జియస్ కొవ్వు ఉన్న భాగం తీసుకున్నాడు. మోసం తనకి తెలిసే తీసుకున్నాడని హెసియడ్ అంటాడు. అప్పటి నుంచి బలి ఇచ్చినప్పుడు ఎముకలు, కొవ్వు దేవుడి కోసం కాల్చి మాంసం ఊరంతా పంచుకుని తినడం ఆచారం అయింది. పొగ పైకి పోతుంది, కూర కింద ఉంటుంది. జియస్ కోపంతో మనుషులకి నిప్పు లేకుండా చేశాడు. ప్రొమీథియస్ దాన్ని ఒక బోలు కాడలో దాచి తెచ్చి ఇచ్చాడు. దానికి ఆయన్ని కట్టేసి, గద్దతో రోజూ కాలేయం తినిపించారు.

ఈ కథలో ఒక మాట గమనించండి. దేవుడికి వాటా ఉంది. ఆ వాటా ఇచ్చేది మనిషి. మనిషి ఇవ్వడం ఆపేస్తే ఏమవుతుంది?

దానికి జవాబు డెమెటర్ కథలో ఉంది. డెమెటర్ ధాన్యం దేవత. ఆమె కూతురు పెర్సెఫొనీ ఒకరోజు పచ్చిక మైదానంలో పూలు కోస్తుంటే నేల చీలింది. చచ్చినవాళ్ల లోకానికి రాజైన హేడిస్ రథం మీద వచ్చి ఆ పిల్లని ఎత్తుకుపోయాడు. దీనికి జియస్ ముందే ఒప్పుకున్నాడు. ఆ పిల్లకి తండ్రి ఆయనే. తల్లిని అడగలేదు, పిల్లని అసలే అడగలేదు. చాలా పుస్తకాల్లో ఇలాంటివి "దేవుళ్ల ప్రేమకథలు" అని రాసి ఉంటాయి. మనం మాత్రం ఉన్నది ఉన్నట్టు చదువుదాం. ఇది ఎత్తుకుపోవడమే.

తల్లి తొమ్మిది రోజులు తిండి, స్నానం లేకుండా కాగడాలు పట్టుకుని వెతికింది. అసలు సంగతి తెలిశాక దేవుళ్ల కొండ వదిలేసి ముసలమ్మ వేషంలో ఎలూసిస్ అనే ఊరికి వచ్చి బావి దగ్గర కూర్చుంది. నీళ్లకి వచ్చిన ఆడపిల్లలు ఎవరో తెలియకుండానే ఆమెని మర్యాదగా పలకరించి ఇంటికి తీసుకుపోయారు. ఇల్లాలు ద్రాక్ష సారా ఇస్తే డెమెటర్ వద్దంది. బార్లీ పిండి, పుదీనా లాంటి ఆకు కలిపిన నీళ్లు అడిగి తాగింది. మన అంబలి లాంటిదే అనుకోండి. ఇయాంబె అనే పనిమనిషి మోటు జోకులు వేస్తే, అన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. దేవుళ్ల కొండ మీద దొరకని ఓదార్పు ఆమెకి మనుషుల ఇంట్లో దొరికింది.

ఆ ఇంటి పసిబిడ్డని ఆమె పెంచింది. వాడికి చావు లేకుండా చేద్దామని రాత్రిళ్లు నిప్పులో ఉంచేది. ఒకరోజు తల్లి చూసి కేక పెట్టింది. పని చెడింది, దేవతకి కోపం వచ్చింది. తన అసలు రూపం చూపించి, గుడి కట్టమని చెప్పి, ఆ గుడిలోనే కూర్చుంది. ఒక ఏడాది పాటు విత్తనం మొలవనివ్వలేదు. ఎద్దులు నాగళ్లు లాగాయి, బార్లీ చల్లారు, ఏమీ రాలేదు.

జియస్ దిగివచ్చింది ఎందుకో చూడండి. మనుషులు ఆకలితో చనిపోతే దేవుళ్లకి బలులు, కానుకలు ఇచ్చేవాడు మిగలడు. దేవుళ్లు ఒక్కొక్కరే వచ్చి బతిమాలారు. నా బిడ్డ కనబడేదాకా పంట లేదంది ఆ తల్లి. చివరికి పెర్సెఫొనీని పంపక తప్పలేదు. పోయేముందు హేడిస్ ఆమెతో దానిమ్మ గింజ తినిపించాడు కాబట్టి ఏడాదిలో మూడో వంతు కింద ఉండాలి, మిగతా కాలం తల్లి దగ్గర. పంట మళ్లీ వచ్చింది. పిడుగు ఉన్న రాజుని లొంగదీసింది గింజ చేతిలో ఉన్న తల్లి. మన ఏజెన్సీ ఊళ్లలో కొత్తల పండుగ చెయ్యకుండా కొత్త ధాన్యం ముట్టని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఈ కథ ఆ ఇళ్లలో పుట్టిన మనకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎలూసిస్‌లో ఈ తల్లీకూతుళ్ల పూజ వెయ్యేళ్లకి పైగా నడిచింది. ఆడవాళ్లు, బానిసలు కూడా అందులో చేరొచ్చు. లోపల చూసింది బయట చెప్తే మరణశిక్ష. ఆ కట్టుబాటు ఎంత గట్టిగా నిలిచిందంటే, అసలు ఘట్టంలో ఏం జరిగేదో ఇప్పటికీ పూర్తిగా ఎవరికీ తెలియదు.

గ్రీకులు తమ కథల్ని కళ్లు మూసుకుని నమ్మలేదు కూడా. క్రీ.పూ. 6వ శతాబ్దంలో పుట్టిన జెనోఫనీస్ అనే ఆలోచనాపరుడు, హోమర్, హెసియడ్ దేవుళ్లకి దొంగతనం, మోసం అంటగట్టారని విమర్శించాడు. ఎవరి దేవుళ్లని వాళ్లు తమ పోలికలతోనే ఊహించుకుంటారని కూడా అన్నాడు. ప్రశ్నించినంత మాత్రాన తన జాతి కథలకి దూరమైనట్టు కాదు.

క్రీ.శ. 391, 392 సంవత్సరాల్లో రోమన్ చక్రవర్తి థియోడోసియస్ బలులని నిషేధిస్తూ చట్టాలు తెచ్చాడు. ఆ శతాబ్దం ముగిసేసరికి ఎలూసిస్ పూజ ఆగిపోయింది. వాటా ఇచ్చే మనుషుల్ని ఆపేస్తే దేవుళ్లు మౌనం అయిపోయారు.

మరి డెమెటర్ కథ మనదాకా ఎలా వచ్చింది? దాన్ని పూర్తిగా చెప్పే పాత గ్రీకు పాట శతాబ్దాల పాటు ఎవరి కంటా పడలేదు. 1777లో మాస్కోలో ఒక చేతిరాత ప్రతి దొరికింది. ఈ పాట దాదాపు మొత్తంగా ఉన్నది ఆ ఒక్క ప్రతిలోనే. అది చెదపురుగుల పాలై ఉంటే ఆ తల్లి మొండితనం, ఇయాంబె నవ్వించిన మాట మనకి ఇలా తెలిసేవి కావు.

మన దగ్గర ఆ ఒక్క ప్రతి కూడా లేని కథలు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. అవ్వ దగ్గర, పాట కట్టే పెద్దాయన దగ్గర, డోలు వాయించే మామ దగ్గర ఉన్నాయి. వచ్చే సెలవులకి హాస్టల్ నుంచి ఊరికి పోయినప్పుడు ఫోన్ తీసి ఒక్క కథ రికార్డు చేద్దాం. ముందు పెద్దల్ని అడుగుదాం. బయట చెప్పకూడని పూజ మాటలు ఉంటే వాటిని అలాగే ఉంచుదాం, ఎలూసిస్ వాళ్లు ఉంచుకున్నట్టు. చెప్పొచ్చు అన్నవి మాత్రం ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ భాషో రాసి పెడదాం. మన భాషలోనే పెడదాం, కింద తెలుగులో అర్థం రాద్దాం.

మీ ఊళ్లో పంట గురించి, తల్లి గురించి ఇలాంటి కథ ఉంటే కింద చెప్పండి. అందరం చదువుతాం.