సంతకాలున్న సామాజిక ఒడంబడిక: 1956 నుంచి తార్నాక దాకా

రాజ్యం ప్రజల ఒడంబడికలోంచి పుట్టిందన్న వాదాన్ని డేవిడ్ హ్యూమ్ 1748లోనే నిలదీశాడు. ఇప్పుడున్న ప్రభుత్వాల్లో ఏది జనం ఒప్పుకుంటే ఏర్పడింది, ఆ ఒప్పుకోలుకు ఆధారమేది అన్నది ఆయన అభ్యంతరం. హాబ్స్, లాక్, రూసోల పాఠం చెప్పే ప్రతి తరగతిలోనూ ఈ సందేహం వస్తుంది. ఒడంబడిక చారిత్రక ఘటన కాదు, తార్కికమైన ఊహ అని చెప్పి పాఠం ముందుకు సాగిస్తాం. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గదుల్లో ఆ జవాబు అంత తేలిగ్గా చెల్లదు. ఇక్కడి చరిత్రలో ఒడంబడిక కాగితం మీదే ఉంది. దానికి తేదీ ఉంది, కింద ఎనిమిది మంది పేర్లున్నాయి.

ఆంధ్ర, తెలంగాణలను ఒకే రాష్ట్రంగా కలిపేందుకు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం అది. ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు కూర్చున్నారు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు చేయాలి. ఉద్యోగాలకు పన్నెండేళ్ల నివాసం ఉండాలి. సాగుభూముల అమ్మకాలపై ప్రాంతీయ మండలికి అదుపు ఉండాలి. మంత్రివర్గంలో 60:40 నిష్పత్తి పాటించాలి, ఆ నలభైలో ఒక ముస్లిం మంత్రి ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి.

ఈ చివరి షరతు దగ్గర కాస్త ఆగాలి. న్యాయమైన నియమాలు రాసేవాళ్లకు సమాజంలో తమ స్థానమేమిటో తెలియకూడదని జాన్ రాల్స్ 1971లో అన్నాడు. ఢిల్లీలో కూర్చున్న ఎనిమిది మందికీ తమది ఏ ప్రాంతమో, తమకు ఏం కావాలో బాగా తెలుసు. అందుకే షరతుల్లో చాలా భాగం బేరంలా ఉంటుంది. ఉపముఖ్యమంత్రి షరతు ఒక్కటి వేరు. రేపు పైచేయి ఎవరిదైనా అవతలివాడికి చోటుండాలని అది ఇద్దరికీ సమానంగా చెబుతుంది. రాల్స్ ఒప్పుకోదగిన షరతు ఏదైనా ఉంటే అది ఇదే. మొదట తప్పింది కూడా ఇదే. 1956 నవంబరు 1న సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణకు ఉపముఖ్యమంత్రి పదవి దక్కలేదు.

సంతకాల వరుసలో స్త్రీలు లేరు, దళితులు లేరు, ముస్లింలూ లేరు. ముస్లిం మంత్రి గురించి షరతు రాశారు గానీ ఆ మాట రాసేచోట ముస్లింకు కుర్చీ వేయలేదు. స్వేచ్ఛాయుతమైన ఒడంబడిక అని చెప్పుకునేది నిజానికి మగవాళ్లు తమలో తాము చేసుకున్న ఏర్పాటేనని కరోల్ పేట్‌మన్ 1988లో రాసింది. ఆ విమర్శకు ఇంతకన్నా సూటి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

అయితే ఒప్పందం కూలడానికి మాట తప్పడం ఒక్కటే కారణమని నేననుకోను. తగవు తీర్చే ఉమ్మడి న్యాయమూర్తి లేకపోవడమే ప్రకృతి స్థితిలోని అసలు లోపమని లాక్ చెప్పాడు. 1956 పత్రంలో సరిగ్గా ఆ లోపమే ఉంది. షరతు తప్పితే ఎవరి దగ్గరికి వెళ్లాలో అందులో లేదు. ప్రాంతీయ సంఘం ఏర్పడినా దాని మాటను కాదన్నప్పుడు చివరి నిర్ణయం గవర్నరుది. 1969 జనవరిలో ఖమ్మం, పాల్వంచల నుంచి ఉద్యమం రాజుకుని ఉస్మానియాకు పాకాక గానీ మిగులు నిధుల లెక్క తేల్చేందుకు కుమార్ లలిత్‌ను, తర్వాత జస్టిస్ భార్గవ కమిటీని వేయలేదు. పదమూడేళ్ల తర్వాత ఖాతా పుస్తకాలు తిరగేయడం ఆడిట్ అవుతుంది. దాన్ని న్యాయమనడం కష్టం.

న్యాయస్థానం రంగంలోకి దిగినప్పుడు కథ మరో మలుపు తిరిగింది. తెలంగాణ ఉద్యోగాలకు నివాస నిబంధన పెట్టిన 1957 నాటి చట్టభాగాన్ని సుప్రీంకోర్టు 1969 మార్చి 28న కొట్టేసింది. రాజ్యాంగం 16(3) అధికరణం పార్లమెంటుకు ఇచ్చిన అధికారం రాష్ట్రంలో నివాసం అడగడానికే తప్ప రాష్ట్రంలో ఒక భాగంలో నివాసం అడగడానికి కాదన్నది తీర్పు. ఇందులో కోర్టు పక్షపాతం వెతకడం దండగ. ఆ న్యాయమూర్తుల ముందున్నది 1956 పత్రం కాదు, 1950 రాజ్యాంగం. ఒకదానిలో సమానత్వానికి కొలమానం ప్రాంతం, రెండోదానిలో పౌరుడు. గుంటూరు కుర్రాడు, నల్లగొండ కుర్రాడు ఒకే పరీక్ష రాయడం రాజ్యాంగం చూపులో సమానత్వం. చదువుకునే అవకాశమే ఆలస్యంగా వచ్చిన నల్లగొండ చూపులో అది ఓటమి. 1972 అక్టోబరు 3న అదే కోర్టు, స్థానికులకే ఉద్యోగాలన్న పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. ఈసారి అన్యాయం జరిగిందని జై ఆంధ్ర ఉద్యమం లేచింది. రెండు ఉద్యమాలూ సమానత్వం పేరుతోనే నడిచాయన్న సంగతిని మన ఉద్యమ చరిత్రకారులు ఇరువైపులా దాటవేస్తారు.

1973 నాటి ఆరు సూత్రాల పథకం, దాని వెంట వచ్చిన 371డి అధికరణం ఈ రెండు కొలమానాలకూ రాజీ కుదిర్చే ప్రయత్నం. ఉద్యోగుల తగాదాలకు ట్రిబ్యునల్ కూడా వచ్చింది. అయినా జోన్లు దాటి జరిగిన నియామకాలను 1986 మార్చి 31లోగా సరిదిద్దాలని 1985 డిసెంబరులో 610 జీవో ఇవ్వాల్సి వచ్చింది. ఆ గడువు ఎలా గడిచిందో తెలంగాణ ఉద్యోగ సంఘాల వాళ్లను అడిగితే పూటంతా చెబుతారు.

ఇక సమ్మతి సంగతి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణపై 1955లో నివేదిక ఇచ్చిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను ముందు విడిగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత హైదరాబాదు శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితేనే కలపాలంది. ఆ మెట్టు ఎక్కకుండానే విలీనం జరిగింది. తెలంగాణ వాదానికి బలమైన నైతిక పునాది ఇదే. అదే కొలతతో 2014ను కూడా చూడాలి. విభజన బిల్లును ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఏడాది జనవరి 30న మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. 3వ అధికరణం ప్రకారం సభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోలు అక్కర్లేదు. కాబట్టి సభ కాదన్నా రాష్ట్రం వచ్చింది. 1956లో సమ్మతి లేదన్నవాళ్లు 2014లో సమ్మతి అవసరం లేదనడం తత్వశాస్త్రపరంగా నిలవదు. అల్పసంఖ్యలో ఉన్న ప్రాంతానికి విడిపోయే హక్కుకు అవతలివాళ్ల సమ్మతి షరతు కారాదని వాదిస్తే నిలుస్తుంది. తెలంగాణ అసలు వాదం అదే కావలసింది. పెద్ద గుంపు చిన్న గుంపును మింగేస్తుందన్న భయాన్ని అంబేడ్కర్ 1955లోనే భాషా రాష్ట్రాల చర్చలో పెట్టాడు. హైదరాబాదు, సికింద్రాబాదు, బొల్లారాలను కలిపి దేశానికి రెండో రాజధాని చేయాలన్నదీ అక్కడే. 1953లో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చిన ఉస్మానియాలో ఆ రచనను ఇంకా లోతుగా చదవాల్సింది.

ఒడంబడిక ఇప్పుడు ఏ రూపంలో ఉందో చూడాలంటే నోటిఫికేషన్ పడ్డ వారంలో తార్నాక జిరాక్స్ షాపుల ముందు నిలబడాలి. అక్కడ అభ్యర్థుల చేతుల్లో ఒకటి నుంచి ఏడో తరగతి దాకా బోనఫైడ్‌లు ఉంటాయి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఆ ఏడు తరగతుల్లో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ స్థానికత. ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం ఉద్యోగాలు స్థానికులకే. శ్రీకాకుళం నుంచి మల్కాజ్‌గిరికి వలస వచ్చిన తాపీమేస్త్రీ కొడుకు నాలుగో తరగతి నుంచి ఇక్కడే చదివితే చార్మినార్ జోన్‌లో స్థానికుడు. ఎనిమిదో తరగతిలో ఇక్కడ చేరిన అతని అన్న స్థానికేతరుడు. దేశంలోకెల్లా ఎక్కువ మంది ఓటర్లున్న, 2019లోనే 31 లక్షలు దాటిన మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానంలో ఇద్దరి ఓటుకూ ఒకే విలువ. ఒక దేశపు దారిలో నడిచినా దాని ప్రభుత్వానికి మౌనంగా ఒప్పుకున్నట్టేనన్నాడు లాక్. నడిచేవాడికి కనీసం తాను నడుస్తున్నట్టు తెలుస్తుంది. ఇక్కడ ఒప్పుకోలు తండ్రిది, ఏ ఊరి బడిలో వేయాలన్న నిర్ణయం తండ్రిది, దాని ఫలితం మాత్రం పాతికేళ్లకు కొడుకు అప్లికేషన్ మీద పడుతుంది.