దివాన్ దేవిడీ నుంచి ప్రజల సొత్తుగా: సాలార్‌జంగ్ మ్యూజియం చరిత్ర

ఒక వ్యక్తి తన ధనంతో కొన్న వస్తువు ఒక జాతి సొత్తుగా ఎప్పుడు, ఏ విధంగా మారుతుంది? ఈ ప్రశ్నకు ముస్లిం చరిత్రలో రెండు నగరాలు రెండు విధాలుగా సమాధానం చెప్పాయి. ఒకటి కైరో. రెండవది హైదరాబాదు.

ఈజిప్టు రాజధానిలో 1881లో ఏర్పడిన పురాతన కట్టడాల పరిరక్షణ సంఘం, శిథిలమవుతున్న మసీదుల నుంచి, మద్రసాల నుంచి గాజు దీపాలను, మింబర్లను, చెక్కడపు తలుపులను సేకరించి, ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం పేరున వెలసిన మసీదు ఆవరణలో భద్రపరిచింది. 1903లో వాటికి బాబుల్ ఖల్ఖ్ వద్ద సొంత భవనం అమరింది. మొదట అరబ్బు కళల మ్యూజియం అనిపించుకున్న ఆ సంస్థ తరువాత ఇస్లామీ కళల మ్యూజియం అయింది. 2014 జనవరిలో ఎదుటి పోలీసు కార్యాలయం వద్ద జరిగిన బాంబు పేలుడులో తీవ్రంగా దెబ్బతిని, మరమ్మతుల అనంతరం 2017లో తిరిగి తెరుచుకుంది. అక్కడి వస్తువులలో అనేకం ఆది నుంచీ మసీదులవి, అంటే వక్ఫు సొత్తు. వాటికి వ్యక్తిగత యజమాని లేడు.

హైదరాబాదు సంగతి వేరు. ఇక్కడ ప్రతి వస్తువుకూ యజమాని ఉన్నాడు. ఆయన మరణానంతరం వారసులూ ఉన్నారు.

1853 నుంచి 1883లో మరణించే వరకు నిజాం రాజ్యానికి దివానుగా వ్యవహరించిన మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్, ఈ సేకరణకు పునాది వేశారు. మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని 1876లో రోము నగరంలో కొన్నది ఆయనే. దానిని చెక్కిన శిల్పి బెంజోని. హజ్రత్ ఇస్‌హాఖ్ గారి ధర్మపత్ని పేరు గల ఆ శిల్పం ముందు నేటికీ జనం గుమిగూడుతూనే ఉంటారు.

ఆయన మనుమడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్‌జంగ్, 1889లో పూనాలో జన్మించారు. నెల తిరగకముందే తండ్రిని కోల్పోయారు. 1912లో, ఇరవై మూడేళ్ళ ప్రాయంలో దివాను పదవి చేపట్టి, రెండేళ్ళ పైచిలుకు నిర్వహించి 1914లో తప్పుకున్నారు. పదవి పోయిన తరువాత మిగిలిన జీవితమంతా, తన ఎస్టేటు ఆదాయంలో అధిక భాగం, కళావస్తువులకూ గ్రంథాలకూ వెచ్చించారు. వివాహం చేసుకోలేదు. 1949 మార్చి 2న మరణించారు.

అసలు సమస్య అక్కడే తలెత్తింది. సంతానం లేని వ్యక్తి ఆస్తి షరీఅత్ ప్రకారం బంధువులకు వాటాలుగా చెందుతుంది. భూమిని పంచవచ్చు, రొక్కాన్ని పంచవచ్చు. కాని ఒక గ్రంథాలయాన్ని వాటాలు వేస్తే మిగిలేది గ్రంథాలయం కాదు. ప్రభుత్వం ఎస్టేటు నిర్వహణకు ఒక సంఘాన్ని నియమించింది. వేర్వేరు భవనాలలో చెల్లాచెదురుగా ఉన్న వస్తువులను క్రమబద్ధం చేసే పని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ, నవాబు నివాసమైన దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. అయితే హక్కుల వ్యాజ్యం తేలలేదు. చివరకు 1958లో హైకోర్టులో రాజీ డిక్రీ ద్వారా వారసులు ఈ సేకరణను జాతికి వదిలివేశారు. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున కట్టిన భవనంలోకి మ్యూజియం తరలింది.

ఈ చరిత్రలో నవాబు పేరు అందరికీ తెలుసు. తమ వాటాలు వదులుకున్న వారసులను తలచుకునేవారు అరుదు. వారు పట్టుబట్టి ఉంటే ఆ వస్తువులు నేడు ఎన్ని దేశాల వేలంశాలలకు చేరి ఉండేవో ఊహించవచ్చు. అది రూపంలో వక్ఫు కాదు. ఫలితంలో మాత్రం దానికి దగ్గరగానే ఉన్నది.

చూడవచ్చిన జనం గంట కొట్టే గడియారం ముందు కూర్చుని, జహంగీరు కటారి, నూర్జహాన్ పండ్ల కత్తి చూసి మరలిపోతారు. విద్యార్థి దృష్టిలో ఈ సంస్థకు ప్రాణం ఎనిమిది వేలకు పైబడిన వ్రాతప్రతులు. ఇస్లాం నాగరికతలో కళలకు శిరోభూషణం ఖుష్‌నవీసీ, అంటే సుందర లేఖనం. తోలు మీద కూఫీ లిపిలో వ్రాసిన ఖుర్ఆన్ ప్రతి ఇక్కడ ఉన్నది. బగ్దాదు లేఖకుడు యాఖూత్ ముస్తఅసిమీ 1288లో వ్రాసిన ప్రతి కూడా ఉన్నది. దానిపై జహంగీరు, షాజహాను, ఔరంగజేబుల సంతకాలు కలవు. 1258లో మంగోలులు బగ్దాదును ధ్వంసం చేస్తుండగా ఈ యాఖూత్ ఒక మినారులో దాగి, కాగితం లేక గుడ్డ మీద అక్షరాలు దిద్దుకున్నాడని ఒక కథ చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా, రెల్లుకలం మొనను ఏటవాలుగా కోసి లిపికి కొత్త సొగసు తెచ్చిన ఖ్యాతి ఆయనది.

మన భాషా చరిత్రకు ఇంకా దగ్గరివి దక్కనీ ప్రతులు. గోలకొండ సుల్తాను ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కవితా సంపుటి ప్రతి ఇక్కడ భద్రంగా ఉన్నది. నసీరుద్దీన్ హాష్మీ ఉర్దూ ప్రతులకు 1957లో వివరణాత్మక పట్టిక ప్రచురించారు. అరబీ, ఫార్సీ ప్రతులకు ముహమ్మద్ అష్రఫ్ పలు సంపుటాలలో పట్టికలు తయారుచేశారు. పట్టిక లేని గ్రంథం ఉన్నా లేనట్లే కనుక వీరి సేవ సేకర్త సేవకు తీసిపోదు.

గార్లదిన్నె, గుత్తి, పెనుకొండ ప్రాంతాల పాఠకులకు ఇదంతా దూరపు నగరపు ముచ్చటగా తోచవచ్చు. కాని ఈ సీమ 1800లో నిజాము కంపెనీ వారికి వదులుకున్న దత్తమండలాలలోనిది. అంతకుముందు ఇక్కడి ఇనాములకు, దర్గాలకు, మసీదులకు సనదులు ఫార్సీలోనే వ్రాసేవారు. అటువంటి కాగితాలు నేడు ఎక్కడైనా మిగిలి ఉంటే, పాత ట్రంకు పెట్టెల అడుగునే మిగిలి ఉంటాయి. కరువు ఏళ్ళలో వలసపోయే కుటుంబం వంటపాత్రలు మోసుకుపోతుంది గాని చదవరాని కాగితాలను మోసుకుపోదు. చెదలు వాటి పని అవి చేస్తాయి.

జీర్ణించిన ఖుర్ఆన్ పుటలను గౌరవంతో భూమిలో పూడ్చడం, నీటిలో వదలడం మన ఆచారం. ఆ ఆచారం మంచిది. అయితే పూడ్చే ముందు చివరి పుట చూడాలి. లేఖకుడు తన పేరు, ఊరు, హిజ్రీ సంవత్సరం వ్రాసేది అక్కడే. చేతివ్రాత ప్రతి అయితే తెలిసినవారికి చూపించి, వీలుంటే నకలు తీయించి, ఆ తరువాతే ఏమి చేయాలో నిర్ణయించాలి. సనదులు, దర్గా షజ్రాలు, నికాహ్ దఫ్తరుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

నవాబు వద్ద ధనం ఉన్నది, మన వద్ద లేదు. కాని ఆయన సేకరణను నిలబెట్టింది ధనం ఒక్కటే కాదు. పంచుకోకుండా ఒకచోట ఉంచాలన్న సమ్మతి, ఏమి ఉన్నదో వ్రాసిపెట్టిన శ్రమ కూడా. ఈ రెండూ ఒక మసీదు కమిటీకి, ఒక గ్రామ జమాఅత్‌కు అందని పనులు కావు. ఒక నోటుపుస్తకంలో ఊరిలోని పాత కాగితాల జాబితాతో ఆ పని మొదలుపెట్టవచ్చు.