పరిచయాల సమకాలీకరణ

మొబైల్ ఫోనులో ఉన్న పేర్లు, నంబర్ల పట్టికను ఇంటి కంప్యూటరులోని చిరునామా పుస్తకంతో పోల్చి, రెండింటిలోనూ ఒకే సమాచారం ఉండేట్లు చేయడాన్ని పరిచయాల సమకాలీకరణ అంటారు. వాడుకలో దీనిని "సింక్ చేయడం" అంటారు. ఇక్కడ పరిచయం అంటే ఒక వ్యక్తికి లేదా సంస్థకు చెందిన పేరు, నంబర్లు, ఈ-మెయిలు, చిరునామా కలిసిన ఒక నమోదు.

సమకాలీకరణ, నకలు తీయడం (కాపీ), భద్రపరచడం (బ్యాకప్) ఒకటేనన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. నిజానికి ఇవి మూడు వేరువేరు పనులు. నకలు ఒకే దిశలో జరుగుతుంది. బ్యాకప్ అంటే ఒక రోజున ఉన్న స్థితిని యథాతథంగా పక్కన దాచిపెట్టడం. సమకాలీకరణ సాధారణంగా రెండు దిశలలోనూ జరుగుతుంది. చేర్పులతో పాటు తొలగింపులను కూడా అవతలి వైపుకు చేరవేస్తుంది. ఫోనులో పొరపాటున చెరిపిన నంబరు కంప్యూటరులో భద్రంగా ఉంటుందని నమ్మినవారు, తరువాతి సింక్ పూర్తయ్యాక అక్కడ కూడా అది కనబడక ఆశ్చర్యపోతుంటారు. యంత్రం మాత్రం తనకు అప్పగించిన పనిని సక్రమంగానే చేసింది.

నేపథ్యం

ల్యాండు ఫోను పక్కన ఉంచిన చిన్న పుస్తకంలో నంబర్లు రాసుకునే కాలంలో ఈ అవసరమే లేదు. పుస్తకం ఒక్కటే, ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. భారతదేశంలో తొలి మొబైల్ సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీ నగరాల మధ్య జరిగింది. మొబైల్ ఫోన్లు వ్యాపించిన కొద్దీ నంబర్లు ఇంటిని విడిచి మనిషి జేబులోకి చేరాయి.

తొలినాటి జీఎస్ఎం ఫోన్లలో పరిచయాలు ఎక్కువగా సిమ్ కార్డులోనే ఉండేవి. జర్మనీకి చెందిన గీసెకె అండ్ డెవ్రియంట్ సంస్థ 1991లో ఫిన్లాండులోని రేడియోలిన్యా సంస్థ కోసం తొలి సిమ్ కార్డులను తయారు చేసింది. సిమ్ కార్డులోని పట్టిక చాలా ఇరుకైనది. సాధారణంగా 100 నుండి 250 పేర్లు పడతాయి. పాత కార్డులలో ఒక పేరుకు ఒకే నంబరు. ఈ-మెయిలుకు, ఇంటి చిరునామాకు చోటు లేదు. 2003లో విడుదలై మన దేశంలో ఎంతో ప్రజాదరణ పొందిన నోకియా 1100 ఫోనులో, సిమ్ కార్డులోనివి కాక, ఫోనులో దాచుకోగలిగినవి 50 పేర్లు మాత్రమే. దానిని కంప్యూటరుతో కలిపే సౌకర్యం వినియోగదారులకు లేదు. ఫోను పోతే నంబర్లు కూడా పోయినట్లే.

ఒక్క మీట నొక్కితే సమకాలీకరణ జరిగే పద్ధతికి అమెరికాలో 1996లో విడుదలైన పైలట్ అనే చేతి కంప్యూటరు (తరువాతి పేరు పామ్) మంచి ఉదాహరణగా నిలిచింది. దానిని ఒక పీఠంలో నిలబెట్టి మీట నొక్కితే చాలు, అందులోని పరిచయాలు, తేదీల పట్టిక, గమనికలు బల్లమీది కంప్యూటరులోని వాటితో కలిసిపోయేవి. ఫోన్ల తయారీదారులు కూడా అదే దారి పట్టారు. నోకియా పీసీ సూట్, సోనీ ఎరిక్సన్ పీసీ సూట్, మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్‌సింక్, ఆపిల్ వారి ఐసింక్ (2002) ఆ కాలపు ప్రసిద్ధ సాఫ్టువేర్లు. నోకియా పీసీ సూట్ ప్రధానంగా ఔట్‌లుక్, లోటస్ నోట్స్ వంటి కార్యక్రమాలలోని చిరునామా పుస్తకాలతో ఫోనును కలిపేది. లినక్సు వాడేవారికి గ్నోకీ, గామూ అనే స్వేచ్ఛా సాఫ్టువేర్లు ఉండేవి.

పని చేసే విధానం

సమకాలీకరణలోని అసలు చిక్కు ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఫోనులో 200 పేర్లు, కంప్యూటరులో 199 పేర్లు ఉన్నాయనుకుందాం. తేడా ఒక్క పేరు. ఆ పేరును ఫోనులో కొత్తగా చేర్చారా, లేక కంప్యూటరులో నుండి తీసివేశారా? మొదటిది నిజమైతే దానిని కంప్యూటరులో చేర్చాలి. రెండవది నిజమైతే ఫోనులో నుండి కూడా తొలగించాలి. రెండు పట్టికలను ఎంత పరీక్షగా చూసినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. క్రిందటిసారి రెండు పరికరాలు కలిసినప్పుడు ఆ పేరు ఉన్నదా లేదా అన్నది తెలిసి ఉండాలి. కాబట్టి ప్రతి సమకాలీకరణలోనూ కంటికి కనిపించే రెండు పట్టికలతో పాటు, కనిపించని మూడవది ఒకటి ఉంటుంది. అది గత సమావేశపు జ్ఞాపకం.

ఈ జ్ఞాపకాన్ని ఒక్కో సంస్థ ఒక్కో విధంగా దాచుకోవడం వలన ఒకరి ఫోను మరొకరి సాఫ్టువేరుతో కలిసేది కాదు. దీనిని సరిచేయడానికి ఎరిక్సన్, ఐబీఎం, లోటస్, మోటరోలా, నోకియా, పామ్, సైయాన్, స్టార్‌ఫిష్ సంస్థలు 2000 సంవత్సరంలో సింక్ఎంఎల్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని తలపెట్టాయి. 2002లో ఈ కృషి ఓపెన్ మొబైల్ అలయన్స్ అనే సంస్థలో విలీనమైంది. సింక్ఎంఎల్‌లో ప్రతి సమావేశానికి ఒక గుర్తు ఉంటుంది. దీనిని లంగరు అంటారు. ఫోను తన దగ్గర ఉన్న క్రిందటి లంగరును పంపుతుంది. అది అవతలి వైపు దాచుకున్న లంగరుతో సరిపోతే అప్పటినుండి జరిగిన మార్పులు మాత్రమే మార్పిడి అవుతాయి. సరిపోకపోతే జ్ఞాపకం చెడినట్లు భావించి పట్టికలను మొత్తంగా, ఒక్కొక్క నమోదును పోల్చి చూస్తారు. దీనికి నిదాన సమకాలీకరణ అని పేరు. ఫోను మార్చినప్పుడు, కంప్యూటరులో సాఫ్టువేరును తిరిగి స్థాపించినప్పుడు జరిగేది ఇదే.

నిదాన సమకాలీకరణలో సాధారణంగా ఎవరి పేరూ పోదు, కానీ ఒకే మనిషి రెండుసార్లు కనబడే ప్రమాదం ఉంది. రెండు నమోదులు ఒకే వ్యక్తివని యంత్రం పోలికను బట్టి ఊహించవలసిందే. పేరులో ఒక చుక్క, నంబరులో ఒక ఖాళీ తేడాగా ఉంటే అవి వేరు నమోదులుగా మిగలవచ్చు.

జ్ఞాపకం చెక్కుచెదరకుండా ఉండి, ఒకవైపు పట్టిక మాత్రం ఖాళీ అయిపోయినప్పుడు ఇంతకంటే పెద్ద నష్టం జరుగుతుంది. యజమాని 200 పేర్లనూ కావాలనే తొలగించాడని యంత్రం గ్రహించి, అవతలి వైపు కూడా తొలగించబోతుంది. అందుకే చాలా సాఫ్టువేర్లు పెద్దసంఖ్యలో తొలగింపులు జరగబోయే ముందు హెచ్చరిక చూపుతాయి. ఆ హెచ్చరికను చదవకుండా సరే అని నొక్కేవారే ఎక్కువ.

ఒకే నమోదును రెండు వైపులా వేరువేరుగా మార్చితే దానిని సంఘర్షణ అంటారు. వినియోగదారుని అడగడం, ఒక పరికరానికి ముందే ప్రాధాన్యమివ్వడం, చివరగా చేసిన మార్పును ఉంచడం అనేవి దీనికి పరిష్కారాలు. మూడవ పద్ధతి గడియారాల మీద ఆధారపడుతుంది. బ్యాటరీ తీసి పెట్టగానే తేదీ మరచిపోయే పాత ఫోన్లతో ఈ పద్ధతిని నమ్మడానికి లేదు.

పేర్లు, నంబర్లతో వచ్చే చిక్కులు

పరిచయాన్ని ఒక పరికరం నుండి మరొకదానికి పంపడానికి వీకార్డు అనే ఫైలు రూపం వాడతారు. దీనిని 1995లో ఆపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ సంస్థల కూటమి అయిన వెర్సిట్ రూపొందించింది. 2.1 కూర్పు 1996లో, 3.0 కూర్పు 1998లో, 4.0 కూర్పు 2011లో వెలువడ్డాయి. ఫైలు పేరు చివర వీసీఎఫ్ అని ఉంటుంది.

వీకార్డు పేరును ఇంటిపేరు, వ్యక్తి పేరు, మధ్య పేరు అని విడదీస్తుంది. పాత ఫోన్లలో పేరుకు ఉన్నది ఒకే గడి. తెలుగువారు ఆ గడిలో రాసుకునేది చాలా సందర్భాలలో పేరే కాదు. వరస, ఊరు, వృత్తి కలిపిన ఒక గుర్తు. "విజయవాడ బాబాయి" అన్న నమోదును కంప్యూటరు చూసి, పాశ్చాత్య పద్ధతిలో మొదటి మాట వ్యక్తి పేరనీ, చివరి మాట ఇంటిపేరనీ తీర్మానిస్తుంది. తిరిగి ఫోనుకు వచ్చేసరికి అది "బాబాయి, విజయవాడ" కావచ్చు. ఫోను దీనిని కొత్త మార్పుగా లెక్కిస్తుంది. "గ్యాసు బుకింగు"కు కూడా ఇదే గతి. ఇంటిపేరు ముందు రాసే మన ఆచారం ఈ గడులలో సరిగా ఇమడదు. పేరు మొత్తాన్ని ఒకే గడిలో ఉంచి, ఇంటిపేరు గడిని ఖాళీగా వదలడం తెలుగువారికి ఎక్కువ అనుకూలమైన మార్గం.

తెలుగు లిపి వాడినప్పుడు మరొక చిక్కు ఉంది. యూనికోడులో గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కూడా విడివిడి సంకేతాలు. "వేంకటేశ్వర్లు" అన్న పేరులో ఇటువంటివి 13. సిమ్ కార్డులో పేరుకు 14 బైట్ల చోటు ఉన్నదనుకుంటే, సంకేతానికి రెండు బైట్ల చొప్పున వాడే పద్ధతిలో ఆరు మాత్రమే పట్టి, పేరు "వేంకటే" దగ్గర ఆగిపోతుంది. ఒకే లిపికి చెందిన సంకేతాలను ఒక్కో బైటులో కుదించే పద్ధతి కూడా సిమ్ ప్రమాణంలో ఉంది. ఫోను దానిని వాడితే పదకొండు పట్టి "వేంకటేశ్వర్" అవుతుంది. రోమన్ అక్షరాలైతే అదే చోటులో 14 పడతాయి. తెలుగువారిలో చాలామంది పేర్లను రోమన్ లిపిలోనే రాసుకోవడానికి ఇదొక కారణం. ఇలా తెగిన పేరుతో నిదాన సమకాలీకరణ జరిగితే కంప్యూటరులోని పూర్తి పేరు, సిమ్ నుండి వచ్చిన సగం పేరు ఇద్దరు మనుషులవుతాయి. వీకార్డు 2.1లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి తొమ్మిది రోమన్ గుర్తులుగా మారుతుంది. అవతలి సాఫ్టువేరు దీనిని విప్పలేకపోతే పేరు స్థానంలో సమాన గుర్తులు, అంకెలు బారులుతీరి కనిపిస్తాయి.

నంబర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. భారతదేశపు మొబైల్ నంబరులో 10 అంకెలుంటాయి. అదే నంబరును కొందరు ముందు 0 పెట్టి, కొందరు +91 పెట్టి, కొందరు ఏదీ లేకుండా రాసుకుంటారు. కాల్ వచ్చినప్పుడు చాలా ఫోన్లు చివరి అంకెలను మాత్రమే పోల్చి పేరు చూపుతాయి కనుక ఈ తేడా బయటపడదు. సింక్ సాఫ్టువేరుకు మాత్రం అవి మూడు నంబర్లుగా తోచవచ్చు. +91తో మొదలయ్యే అంతర్జాతీయ రూపంలో రాసుకోవడం అన్ని విధాలా మంచిది. విదేశాలలో ఉన్న పిల్లల ఫోన్లకు ఈ పట్టికను పంపినా అది యథాతథంగా పనిచేస్తుంది.

కలిపే మార్గాలు

2000 దశకంలో ఫోనును కంప్యూటరుకు డేటా కేబులు, పరారుణ కిరణాలు లేదా బ్లూటూత్ ద్వారా కలిపేవారు. కేబుళ్లు ఒక్కో సంస్థవి ఒక్కో రకంగా ఉండేవి. చాలా కేబుళ్లలో సీరియల్ సంకేతాలను యూఎస్‌బీకి మార్చే చిన్న చిప్పు ఉండేది. దానికి తగిన డ్రైవరు కంప్యూటరులో లేకపోతే ఫోను కనబడేది కాదు. పరారుణ పద్ధతిలో రెండు పరికరాలను ఎదురెదురుగా, మీటరు లోపు దూరంలో కదలకుండా ఉంచాలి. బ్లూటూత్‌కు ఆ ఇబ్బంది లేదు. చాలా ఫోన్లు ఈ మూడు మార్గాలలోనూ తమను మోడెముగా పరిచయం చేసుకుని, 1981లో హేస్ మోడెముతో వచ్చిన ఏటీ ఆదేశాల విస్తరణలకే జవాబు చెప్పేవి.

అంతర్జాలం ద్వారా సమకాలీకరణ

2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోను, 2011 అక్టోబరులో ఐక్లౌడ్ రావడంతో కేబుళ్ల అవసరం తగ్గింది. ఫోను, కంప్యూటరు నేరుగా కలవడం మాని, దూరాన ఉన్న సర్వరుతో విడివిడిగా కలుస్తున్నాయి. గత సమావేశపు జ్ఞాపకాన్ని ఇప్పుడు ప్రధానంగా సర్వరే చూసుకుంటుంది. ఆపిల్ 2011లో తన లయన్ వ్యవస్థ నుండి ఐసింక్‌ను తొలగించింది. అదే సంవత్సరం కార్డ్‌డావ్ అనే స్వేచ్ఛా ప్రమాణం వెలువడింది. ఐక్లౌడ్, గూగుల్ పరిచయాలు దీనిని అనుమతిస్తాయి. కంప్యూటరులో థండర్‌బర్డ్ వంటి కార్యక్రమాలు దీనిని అర్థం చేసుకుంటాయి.

సౌకర్యం పెరిగినా తొలగింపు విషయంలో స్వభావం మారలేదు. పైగా వేగం పెరిగింది. కేబులు కాలంలో చెరిపిన పేరు మళ్లీ కలిపే వరకైనా రెండవ చోట మిగిలి ఉండేది, ఇప్పుడు క్షణాలలో అన్ని పరికరాలనుండీ పోతుంది. గూగుల్ పరిచయాలను గత 30 రోజులలోని ఒక స్థితికి వెనక్కి తీసుకువెళ్లే సౌకర్యం ఉంది. ఆ గడువు దాటితే బ్యాకప్ ఒక్కటే దిక్కు. ఫోనులోని పరిచయాల అప్లికేషనులో ఎగుమతి అన్న అంశాన్ని ఎంచుకుంటే పట్టిక అంతా ఒక వీసీఎఫ్ ఫైలుగా తయారవుతుంది. దీనిని కంప్యూటరులోకి తీసి, తేదీని ఫైలు పేరులో చేర్చి, సింక్‌తో సంబంధం లేని చోట ఉంచుకోవాలి.

గోప్యత

పరిచయాల పట్టికలోని సమాచారం యజమానిది మాత్రమే కాదు, ఆ పేర్లు గల అందరిదీ. పాత్ అనే అప్లికేషను వినియోగదారుల చిరునామా పుస్తకాలను వారి అనుమతి లేకుండా తన సర్వరుకు పంపుతున్నట్లు 2012 ఫిబ్రవరిలో బయటపడింది. అదే సంవత్సరం వచ్చిన ఐఓఎస్ 6 నుండి ఐఫోన్లలోనూ, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుండి ఆ ఫోన్లలోనూ పరిచయాలను చూడటానికి అప్లికేషన్లు విడిగా అనుమతి అడగడం మొదలైంది. ఇతరుల కంప్యూటరులో, ఇంటర్నెట్ కేంద్రంలో సింక్ చేస్తే పట్టిక నకలు అక్కడే మిగిలిపోవచ్చు.

పాత ఫోనును ఇతరులకు ఇచ్చే ముందు కొందరు పేర్లను ఒక్కొక్కటిగా చెరిపివేస్తారు. ఖాతా ఇంకా ఫోనులో ఉండగా ఇలా చేస్తే ఆ పేర్లు సర్వరు నుండి, దానితోపాటు కొత్త ఫోను నుండి కూడా పోతాయి. ముందుగా ఖాతాను ఫోను నుండి తొలగించి, తరువాత ఫోనును ఫ్యాక్టరీ స్థితికి రీసెట్ చేస్తే సర్వరులోని పట్టికకు నష్టం ఉండదు. సిమ్ కార్డులో దాచిన పేర్లకు ఈ రీసెట్ వర్తించదు, కాబట్టి కార్డును విడిగా తీసి ఉంచుకోవాలి.