పంక్తి నుంచి బల్ల దాకా

అన్నం అమ్ముకోవడం పాపమని నమ్మిన సమాజం మనది. ఇంటికి వచ్చిన అతిథికి పెట్టాలి, బాటసారికి సత్రంలో పెట్టాలి. డబ్బు పుచ్చుకుని వడ్డించడం మాత్రం చిన్నతనం. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవారికీ వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారిని ఇప్పటికీ తలుచుకుంటున్నామంటే, ఆ విలువకు మన మనసులో ఉన్న చోటు తెలుస్తుంది. అలాంటి నేల మీద ఇప్పుడు సందు మలుపు తిరిగితే చాలు, పెనం మీద అట్టు సుయ్యిమంటుంది. ఈ మార్పు ఎలా వచ్చిందో వెతుకుతూ వెళితే వంటకాల కంటే ముందు కూర్చునే చోటు కనిపిస్తుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినవచ్చు? మన బయటి తిండి చరిత్రను నడిపించిన ప్రశ్న ఇదే.

పూటకూటి ఇల్లు

డబ్బుకు భోజనం పెట్టే ఇళ్లు మనకు కొత్తవి కావు. 15వ శతాబ్దపు ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. అక్కడొక పూటకూటి ఇంట్లో రూక ఇస్తే సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకునే పదార్థాలు, గడ్డపెరుగు దొరికేవని ఆ కావ్యం చెబుతుంది. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఇలాంటి కావ్యాల్లోంచే మన పూర్వుల తిండిని, బట్టను, ఆటలను ఏరి తెచ్చారు. రాజుల యుద్ధాల కంటే ఆ విస్తరిలోని పదార్థాలే ఆనాటి నగరాన్ని మన కళ్లముందు నిలబెడతాయి.

నాలుగు శతాబ్దాల తరువాత గురజాడ ‘కన్యాశుల్కం’లో మళ్లీ పూటకూటి ఇల్లు కనబడుతుంది. 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన ఆ నాటకంలో పూటకూళ్లమ్మకు పేరు లేదు, వృత్తే ఆమె పేరు. భర్త పోయిన స్త్రీకి వంట చేతనైతే బతకడానికి దొరికిన దారుల్లో అదొకటి. చదువుకోసం, కోర్టు పనికోసం, కచేరీ ఉద్యోగం కోసం పట్నం చేరిన మగవాళ్ల కడుపు నింపింది ఇలాంటి స్త్రీలే. కానీ అక్కడ భోజనం పంక్తిలోనే. ఆ పంక్తిలో ఎవరికి చోటుందో కులం ముందే తేల్చేది. డబ్బు చేతిలో ఉన్నంత మాత్రాన విస్తరి దక్కేది కాదు.

రైలు, కాఫీ, ఉడిపి

పంక్తిని కదిలించింది రైలు. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1893లో, రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో రైలు వంతెనలు వచ్చాయి. వాటితో మద్రాసు, కలకత్తాల మధ్య తీరాంధ్ర మొత్తం ఒక దారిలో పడింది. రోజుల తరబడి ప్రయాణం చేసేవాడు మడి కట్టుకుని వండుకోవడం కుదరదు. స్టేషన్లలో మంచినీళ్లు కూడా ‘హిందూ’, ‘ముస్లిం’ అని వేరువేరుగా ఇచ్చిన రోజులవి. అయినా పెట్టెలో పక్కపక్కన కూర్చోక తప్పలేదు. రైలు తెచ్చిన మొదటి పాఠం అది.

ఆ దారిలోనే కాఫీ వచ్చింది. కాఫీతో పాటు ఇడ్లీ, దోసె, ఉప్మా. కన్నడ తీరంలోని ఉడిపి నుంచి వంటవాళ్లు మద్రాసు, బెంగళూరుల మీదుగా దక్షిణాది పట్నాలన్నింటికీ పాకారు. బెంగళూరులో మావళ్లి టిఫిన్ రూమ్ 1924లో మొదలైంది. మద్రాసులో ఉడిపి కృష్ణారావు హోటళ్లు పేరు తెచ్చుకున్నాయి. హైదరాబాద్ అబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటల్ 1948లో వచ్చింది. శుభ్రంగా తుడిచిన బల్ల, ఇత్తడి టంబ్లరు, గోడ మీద ధరల పట్టిక: ఈ మూడూ కలిసి బయట తినడానికి గౌరవం తెచ్చాయి. మనవాళ్లు ఆ ఇడ్లీని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. అల్లం పచ్చడి పెట్టారు, కారప్పొడి వేసి నెయ్యి పోశారు. పెసలు నానబోసి రుబ్బి పెసరట్టు పోశారు, అందులో ఉప్మా పెట్టారు. హైదరాబాద్‌లో శాసనసభ్యుల క్యాంటీన్‌లో అడిగి చేయించుకోవడం వల్లే దానికి ఎమ్మెల్యే పెసరట్టు అని పేరొచ్చిందని చెప్పుకుంటారు.

కానీ ఆ శుభ్రమైన బల్లకూ ఒక గీత ఉండేది. ‘బ్రాహ్మణ హోటల్’ అన్న బోర్డు వంటవాడి కులం చెప్పడంతో ఆగలేదు. చాలాచోట్ల లోపలి గది ఒక కులానికి, బయటి బెంచీ మిగతావారికి. దళితుడికి ఆ బెంచీ కూడా లేదు.

ఇరానీ బల్ల

అదే కాలంలో హైదరాబాద్‌లో మరో రకం బల్ల వెలిసింది. ఇరాన్‌లోని యజ్ద్ లాంటి ప్రాంతాల నుంచి బొంబాయి, పూనా మీదుగా వచ్చినవాళ్లు వీధుల మూలల్లో చాయ్‌ఖానాలు తెరిచారు. అబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935లో మొదలైంది. డికాషన్ ఒక పాత్రలో గంటల కొద్దీ మరుగుతుంది, పాలు మరో పాత్రలో చిక్కబడతాయి. అడిగినప్పుడే రెండూ కప్పులో కలుస్తాయి. పక్కన తియ్యగా, కాస్త ఉప్పగా ఉండే ఉస్మానియా బిస్కెట్. ఒక్క చాయ్ తీసుకుని గంటసేపు కూర్చున్నా లేవమనేవారు లేరు. రిక్షా తొక్కేవాడు, గుమాస్తా, విద్యార్థి, కవి అదే పాలరాతి బల్ల దగ్గర చేరారు. ‘వన్ బై టూ’ అని ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకోవడం పేదరికానికి గుర్తే కావచ్చు, నేను మాత్రం దాన్ని స్నేహానికి కొలతగా చూస్తాను. పంక్తి భేదం లేని భోజనం గురించి సంస్కర్తలు ఉపన్యాసాలు ఇస్తున్న కాలంలో, ఆ బల్ల మాట్లాడకుండానే ఆ పని చేసింది.

చట్టం, గ్లాసు, స్త్రీ

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ల మాట పేరుపెట్టి రాసింది. దుకాణాల్లోకి, భోజనశాలల్లోకి, హోటళ్లలోకి కులం, మతం కారణంగా ఎవరినీ రాకుండా అడ్డుకోకూడదు. 1955లో అంటరానితనాన్ని శిక్షించే చట్టం వచ్చింది. రాజ్యాంగం లాంటి పెద్ద గ్రంథంలో హోటలుకు చోటు ఎందుకు దక్కిందో ఆలోచించాలి. బల్ల దగ్గర కూర్చోనివ్వని చోట సమానత్వం కాగితానికే పరిమితమవుతుందని దాన్ని రాసినవాళ్లకు అనుభవంతో తెలుసు. చట్టం వచ్చాక కూడా పల్లెల్లో టీ కొట్ల దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాలు సాగింది. దళితులు ఊరూరా నిలదీసి, దెబ్బలు తిని దాన్ని తీయించాల్సి వచ్చింది. మన హోటళ్ల చరిత్ర రాసేవారు వంటవాళ్ల పేర్లతో పాటు ఈ పోరాటాన్నీ రాయాలి.

స్త్రీలకు బల్ల ఇంకా ఆలస్యంగా దక్కింది. పూటకూటి ఇల్లు నడిపింది స్త్రీ, కానీ తినడానికి వచ్చినవాళ్లలో ఆమె లేదు. తరువాత చాలాకాలం ‘ఫ్యామిలీ రూమ్’ అన్న తెర చాటు గదే ఆడవాళ్ల చోటు. చదువులకు, ఉద్యోగాలకు అమ్మాయిలు పట్నాలకు వచ్చి హాస్టళ్లలో ఉండటం మొదలయ్యాకే ఆ తెర తొలగింది. ఇద్దరు స్నేహితురాళ్లు సాయంత్రం బండి దగ్గర నిలబడి పునుగులు తినడం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. దాని వెనక వందేళ్ల నడక ఉంది.

ఊరి గుర్తులు

ఇలా అందరివీ అయ్యాక హోటళ్లు ఊళ్లకు గుర్తులయ్యాయి. గుంటూరులో శంకర్ విలాస్ అంటే ఒక హోటలే కాదు, ఒక కూడలి. సికింద్రాబాద్‌లో సినిమాహాలు పక్కన 1953లో చిన్నగా మొదలైన ప్యారడైజ్ పేరు ఇప్పుడు మెట్రో స్టేషన్‌కు ఉంది. విజయవాడ అనగానే బాబాయ్ హోటల్ ఇడ్లీ, కాకినాడ అనగానే సుబ్బయ్య గారి హోటల్ భోజనం గుర్తొస్తాయి. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను పాకశాస్త్ర సృజన నగరాల జాబితాలో చేర్చింది. ప్రభుత్వాలు కూడా బల్ల వేశాయి. హైదరాబాద్‌లో 2014 నుంచి, ఆంధ్రప్రదేశ్ అన్న క్యాంటీన్లలో 2018 నుంచి 5 రూపాయలకే భోజనం పెట్టారు. ఆంధ్రలో 2019లో మూతపడిన ఆ క్యాంటీన్లు 2024లో మళ్లీ తెరుచుకున్నాయి.

గత పదేళ్లలో ఇంకో మలుపు వచ్చింది. ఫోన్‌లో నొక్కితే హోటలే ఇంటికి వస్తోంది. ముసలివారికి, రోగులకు, రాత్రి డ్యూటీలు చేసేవారికి అది మేలే. కానీ పొట్లంలో వంటకం మాత్రమే వస్తుంది, బల్ల రాదు. పెనం మీంచి నేరుగా ఆకులోకి దిగిన పెసరట్టు కరకర అరగంట ప్రయాణానికి నిలవదు. ఎదుటి కుర్చీలో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి ‘ఆ చట్నీ ఇలా ఇవ్వండి’ అనడం అసలే రాదు.

ఆ మాట అనగలగడానికి మన సమాజానికి ఐదు వందల ఏళ్లు పట్టింది. ఈ ఆదివారం మీ వీధిలో మీరు ఇంతవరకూ అడుగుపెట్టని హోటలుకు ఒకసారి వెళ్లండి. ఇంతకుముందు తినని వంటకం ఒకటి అడగండి. ఖాళీ బల్ల కోసం ఆగకుండా, ఎవరో ఒకరి పక్కన కూర్చుని తినండి.