కట్టమంచి రామలింగారెడ్డి విశ్వవిద్యాలయ సారథ్యం: సంకటకాల పరిశీలన

ఉపోద్ఘాతం

విద్యాసంస్థల అధిపతులు పదవీవిరమణ చేసినప్పుడు వెలువడే అభినందన వ్యాసాలు సాధారణంగా వారు కట్టించిన భవనాలను, సేకరించిన విరాళాలను, నెలకొల్పిన శాఖలను లెక్కిస్తాయి. సంస్థ నిలకడగా సాగిన కాలానికి ఈ కొలమానం కొంతవరకు సరిపోతుంది. సంస్థ ఉనికే ప్రశ్నార్థకమైన కాలానికి మాత్రం అది చాలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి (1880-1951) ఇందుకు తగిన ఉదాహరణ. ఆయన 1926 నుంచి 1930 వరకు, తిరిగి 1936 నుంచి 1949 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1930లో ఆయన పదవిని విడిచారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన సారథ్యంలోని విశ్వవిద్యాలయం తన స్థలాన్నే విడిచింది. ఆయన నాయకత్వ స్వభావం ఈ రెండు ఘట్టాలలో స్పష్టంగా వ్యక్తమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

స్థలవివాదం నడుమ ఆరంభం

తెలుగు సాహిత్య విద్యార్థులకు రామలింగారెడ్డి ప్రధానంగా ‘ముసలమ్మ మరణము’ కావ్యకర్తగా, ‘కవిత్వతత్త్వ విచారము’ రాసిన విమర్శకుడిగా పరిచితులు. మద్రాసు క్రైస్తవ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోను చదివిన ఆయనకు మైసూరులో అధ్యాపకుడిగా, కళాశాల అధ్యక్షుడిగా, విద్యాశాఖాధికారిగా అనుభవం ఉంది. అర్థశాస్త్రాన్ని తెలుగులో రాసిన తొలితరం రచయితలలో ఆయన ఒకరు. 1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఈ అనుభవమంతా ఆయనకు అక్కరకు వచ్చింది.

ఆరంభంలోనే ఎదురైన సమస్య విశ్వవిద్యాలయ కేంద్రం ఎక్కడ ఉండాలన్నది. బెజవాడ, రాజమహేంద్రవరం, వాల్తేరు, అనంతపురం పేర్లు చర్చలోకి వచ్చాయి. చివరికి వాల్తేరు స్థిరపడింది. ఈ నిర్ణయంతో దత్తమండలాలు సంతృప్తి చెందలేదు. అక్కడి కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోకే తిరిగి వెళ్లాయి. చిత్తూరు జిల్లాలో పుట్టిన వ్యక్తి సారథ్యం వహించిన సంస్థ ఆయన సొంత ప్రాంతానికి దూరమైంది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్న అంశం చేరడాన్ని గమనిస్తే, ఈ అసంతృప్తి ఎంత లోతైనదో తెలుస్తుంది. రామలింగారెడ్డి సేవలను గౌరవించే పరిశీలన ఈ వైఫల్యాన్ని దాచనక్కరలేదు.

1930: పదవీత్యాగం

కార్యస్థానం వాల్తేరుకు మారిన సంవత్సరం 1930. నాలుగేళ్ల శ్రమ ఒక రూపానికి వస్తున్న ఆ ఏడాదే ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. ఉద్యమంపై ప్రభుత్వం సాగించిన దమననీతికి నిరసనగా రామలింగారెడ్డి ఉపకులపతి పదవికి రాజీనామా చేశారు.

ఈ రాజీనామాను జాతీయోద్యమ వీరగాథగా మాత్రమే చదివితే చిక్కులు ఎదురవుతాయి. ఆయన రాజకీయ జీవితం కాంగ్రెసులో మొదలుకాలేదు. అంతకుముందు ఆయన జస్టిస్ పార్టీలో పనిచేశారు. తరువాతి కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన ‘సర్’ బిరుదును స్వీకరించారు. కాబట్టి ఈ రాజీనామాను ఒక పార్టీ పట్ల విధేయతగా కన్నా, విద్యాధిపతి నైతిక స్వాతంత్ర్య ప్రకటనగా గ్రహించడం సమంజసం. ప్రభుత్వ చట్టంతో ఏర్పడి, ప్రభుత్వ నిధులపై ఆధారపడే సంస్థకు అధిపతి అయినంత మాత్రాన ప్రభుత్వ చర్యలన్నిటికీ మౌనసాక్షిగా ఉండనక్కరలేదన్న సూత్రం ఇందులో ఉంది. ఆ సూత్రాన్ని నిలబెట్టడానికి సంస్థను ఘర్షణలోకి దించకుండా, మూల్యాన్ని ఆయన తానే చెల్లించారు.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతి అయ్యారు. వాల్తేరులో బోధనశాఖలు, శాస్త్ర సాంకేతిక కళాశాల ఆయన హయాంలో రూపుదిద్దుకున్నాయి. జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ ఔదార్యం ఆ కళాశాలకు అండగా నిలిచింది. 1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డుకు వెళ్లగా రామలింగారెడ్డి తిరిగి వచ్చారు. తన తరువాత వచ్చినవారు నిర్మించినదాన్ని తనదిగా భావించి కొనసాగించడం అధికారంలో ఉన్నవారందరికీ సాధ్యమయ్యే పని కాదు. ఆయన రెండో విడత అటువంటి కొనసాగింపుతో మొదలైంది.

1942: స్థానభ్రంశం

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. తీరప్రాంతమంతా భయం అలముకుంది. విశ్వవిద్యాలయ భవనాలు సైనిక అవసరాలకు వెళ్లాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, యుద్ధం ముగిసిన తరువాత 1946లో వాల్తేరుకు తిరిగి చేరుకుంది.

తరలింపు అనే ఒక్క మాటలో ఎంతో శ్రమ ఇమిడి ఉంది. తరగతి గదిని మరోచోట ఏర్పాటు చేసుకోవచ్చు. ప్రయోగశాలను మార్చాలంటే పరికరాలు, రసాయనాలు, నీరు, ఇంధనం, గ్రంథాలు అన్నీ కొత్తగా సమకూర్చుకోవాలి. సగంలో ఉన్న ప్రయోగం ప్రయాణాన్ని తట్టుకోదు. వృక్షజన్య రంజకద్రవ్యాలపై టి.ఆర్. శేషాద్రి నడుపుతున్న రసాయనశాస్త్ర పరిశోధన ఈ స్థితిలోనూ ఆగలేదు. ఈ ఘనత ముందుగా ఆ అధ్యాపకులకు, విద్యార్థులకు చెందుతుంది. వారు చెదరిపోకుండా ఒకే సంస్థగా నిలవగల వెసులుబాటును కాపాడటం అధిపతి వంతు. భవనాలు చేజారినా బోధన, పరీక్షలు, పరిశోధన సాగినంతకాలం విశ్వవిద్యాలయం ఉన్నట్లేనన్న అవగాహన ఆ నాలుగేళ్లలో ఆచరణకు వచ్చింది.

ముగింపు

1949లో రామలింగారెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వైదొలగి మైసూరు విశ్వవిద్యాలయ బాధ్యతలకు వెళ్లారు. అదే విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ వచ్చిన అర్థశాస్త్రవేత్త వి.ఎస్. కృష్ణ ఆయన స్థానంలోకి వచ్చారు. కేంద్రం ఎక్కడ ఉండాలో తేలకుండా మొదలైన సంస్థ, రెండు దశాబ్దాలు గడిచేసరికి తన అధిపతిని తనలోనుంచే ఎంచుకోగల స్థితికి చేరింది. రామలింగారెడ్డి సారథ్యానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కరలేదు.

ఆయన తీర్చలేకపోయిన లోటు మిగిలే ఉంది. 1951లో ఆయన మరణించిన మూడేళ్లకు, 1954లో, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పటికిగాని ఆయన జన్మించిన జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం రాలేదు. సంకటకాల నాయకత్వాన్ని అంచనా వేసేటప్పుడు, కాపాడినదానితో పాటు అందించలేకపోయినదాన్నీ పరిగణించడమే చరిత్రరచనకు న్యాయం. పదవి, స్థలం రెండూ విడువదగినవే. విద్యాకృషి ఒక్కటే విడువరానిదని ఆయన సారథ్య చరిత్ర నిరూపిస్తుంది.