హేగ్ కోర్టూ, ఆఫ్రికా ఏలికలూ

హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం పడమటి దేశాలు ఆఫ్రికా నెత్తిన రుద్దిన సంస్థ అన్న మాట చాలాకాలంగా వినిపిస్తోంది. జరిగిన చరిత్ర అందుకు విరుద్ధంగా ఉంది. 1998 జూలైలో రోమ్‌లో ఈ కోర్టును నెలకొల్పే ఒడంబడిక కుదిరితే, అంతకు ఐదు నెలల ముందే డకార్‌లో కూడిన ఆఫ్రికా దేశాలు ఇలాంటి స్వతంత్ర న్యాయస్థానం కావాలని ప్రకటించాయి. రువాండా మారణకాండకు అప్పటికి నాలుగేళ్లే. ఒడంబడికను అందరికన్నా ముందు ఆమోదించింది సెనెగల్. 2002లో కోర్టు ఏర్పడ్డాక మొదట దాని తలుపు తట్టినవీ ఉగాండా, కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ ప్రభుత్వాలే. ఉగాండాలో తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ కోనీ మీద, అతని అనుచరుల మీద 2005లో వారంట్లు వచ్చాయి. సైన్యం తమను హింసించిందని ఉత్తర ఉగాండా ప్రజలు మొత్తుకున్నా, ఆ సైనికుల్లో ఒక్కరి మీదా హేగ్‌లో కేసు నడవలేదు. ఈ కోర్టు తొలి లోపం ఆఫ్రికాను వేధించడం కాదు, అక్కడ గద్దె మీదున్నవారికి మరీ దగ్గరగా నడవడం అని నేను నమ్ముతాను.

అభ్యంతరాలు ఎప్పుడు జోరందుకున్నాయో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. దార్ఫూర్ ఘాతుకాలకు సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ మీద 2009 మార్చిలో వారంటు వచ్చింది. జూలైలో లిబియా అధినేత గడ్డాఫీ అధ్యక్షతన సిర్తేలో సమావేశమైన ఆఫ్రికన్ యూనియన్, బషీర్ అరెస్టుకు సహకరించబోమని తీర్మానించింది. కెన్యాలో 2007 ఎన్నికల తర్వాత చెలరేగిన హింసలో 1,100 మందికి పైగా చనిపోయారు. దేశంలోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టి విచారించమని జస్టిస్ వాకీ కమిషన్ సూచించింది. 2009 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆ బిల్లును ఓడించింది, హేగ్‌కే పోదామన్న సభ్యుల ఓట్లు కూడా తోడై. తీరా అక్కడ నిందితులైన ఉహురు కెన్యట్టా, విలియం రూటో 2013లో అధ్యక్ష, ఉపాధ్యక్షులయ్యాక అదే కోర్టు సార్వభౌమత్వానికి ముప్పుగా మారింది. సాక్షులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. కెన్యట్టాపై అభియోగాలను 2014లో ఉపసంహరించారు, రూటో కేసు 2016లో ఆగిపోయింది. నేరం రుజువు కాలేదు, కానీ బాధితులకు జవాబూ దొరకలేదు.

పక్షపాతం ఉందన్న వాదనను కొట్టిపారేయలేం. 2022లో జార్జియా కేసు వచ్చేవరకు కోర్టు బహిరంగంగా వారంటు జారీచేసిన వారంతా ఆఫ్రికన్లే. ఒడంబడికలో చేరని అమెరికా, చైనా, రష్యాలకు కూడా భద్రతా మండలిలో కూర్చుని ఇతరుల కేసులను హేగ్‌కు పంపే అధికారం ఉంది. పైగా 2005లో దార్ఫూర్‌ను అప్పగించిన తీర్మానమే, అక్కడ పనిచేసే సభ్యేతర దేశాల సిబ్బందిని కోర్టు పరిధి నుంచి తప్పించింది. ఇది అన్యాయమే. భారత్ కూడా మండలికిచ్చిన ఈ పెత్తనాన్ని రోమ్‌లో వ్యతిరేకించి ఓటింగుకు దూరంగా ఉంది. కానీ బలవంతుడు తప్పించుకుంటున్నాడు గనుక మా అధ్యక్షుణ్ణీ వదిలేయండి అనడం చనిపోయినవారి తరఫు వాదన కాదు. ఆఫ్రికన్ యూనియన్ 2014లో మలాబోలో సొంత నేర విచారణ విభాగానికి ఒప్పందం రాసుకుంటూ, పదవిలో ఉన్న అధినేతలకు మినహాయింపు చేర్చుకుంది. అలాంటి రక్షణ లేనిచోట ఏం జరుగుతుందో డకార్ చూపింది. చాద్ మాజీ నియంత హిస్సేన్ హబ్రేకు అక్కడి ప్రత్యేక ఆఫ్రికన్ న్యాయస్థానం 2016లో యావజ్జీవ శిక్ష విధించింది. ఏళ్ల తరబడి పట్టువదలకుండా పోరాడింది చాద్ బాధితులే. దక్షిణాఫ్రికాలోనూ, 2015లో అక్కడికి వచ్చిన బషీర్‌ను అరెస్టు చేయకుండా వెళ్లనివ్వడం చట్టవిరుద్ధమని తేల్చింది ఆ దేశపు న్యాయమూర్తులే.

2025 సెప్టెంబరులో మాలి, బుర్కినా ఫాసో, నైజర్ సైనిక ప్రభుత్వాలు కోర్టు నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించాయి. 2012లో తన దేశంలోని నేరాలను విచారించమని హేగ్‌ను స్వయంగా పిలిచింది మాలీయే. నోటీసు ఇచ్చాక ఏడాదిపాటు సభ్యత్వం కొనసాగుతుంది, ఆలోగా జరిగిన నేరాలపై కోర్టు అధికారం పోదు. ఇందుకు బురుండీయే ఉదాహరణ. దాని నిష్క్రమణ 2017 అక్టోబరు 27న అమల్లోకి వచ్చింది. అక్కడి హత్యలపై దర్యాప్తుకు న్యాయమూర్తులు అంతకు రెండు రోజుల ముందే అనుమతి ఇచ్చేశారు.