కష్టకాలంలో సైకిలు, సైకిలు షాపు

కరువు వచ్చినా, పెట్రోలు ధర పెరిగినా జనం మళ్ళీ సైకిలెక్కుతారని, సైకిలు షాపులకు గిరాకీ పెరుగుతుందని సాధారణంగా అనుకుంటారు. ఇది సగమే నిజం. ధరలు పెరిగి వచ్చే కష్టం వేరు, చేతికి రాబడి లేక వచ్చే కష్టం వేరు. మొదటిది సైకిలును వీధిలోకి తెస్తుంది. రెండవది దానిని కొంతకాలం మరమ్మతు షాపు వరకు తెచ్చి, ఆ తరువాత మనిషినే ఊరు దాటించి, సైకిలును గోడకు ఆనించి వదిలేస్తుంది. పావగడ తాలూకాలోని వల్లూరు వంటి గ్రామాలు ఈ రెండు కష్టాలనూ ఎరిగినవే.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలోనే దేశంలో సైకిలు కర్మాగారాలు బలపడినవి. మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో మొదలై హెర్క్యులెస్ సైకిళ్ళను దక్షిణాదికి అందించింది. 1951లో సోనిపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో ఏర్పడినవి. నల్లరంగు, వెనుక బలమైన క్యారియరు, రెండు కాళ్ళ స్టాండు గల ఆ సైకిలే చాలాకాలం పల్లెలో బండి. గడ్డిమోపు, పాలక్యాను, శెనక్కాయల మూట అన్నీ దానిమీదనే. ఆ రోజులలో సైకిలుకు పన్ను కట్టి బిళ్ళ తగిలించుకొనవలసి వచ్చేదని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 1980లో హోసూరు నుండి టీవీఎస్ 50 వచ్చిన తరువాత ఆ మోతలో కొంత మోపెడ్డు మీదికి మారింది.

అయినను సైకిలు పోలేదు. 2001 జనగణనలో దేశంలోని కుటుంబాలలో 43.7 శాతానికి సైకిలు ఉండగా, 2011లో అది 44.8 శాతమయింది. అదే పదేళ్ళలో మోటారు ద్విచక్ర వాహనం గల కుటుంబాలు 11.7 నుండి 21 శాతానికి పెరిగినవి. అంటే మోటారుబండి కొన్న ఇల్లు సైకిలును అమ్మివేయలేదు, వెనక్కు జరిపింది. కష్టకాలంలో మళ్ళీ బయటకు వచ్చేది ఆ వెనక్కు జరిగిన సైకిలే. కాబట్టి అటువంటప్పుడు కొత్త సైకిలు అమ్మకాల కంటె పాత సైకిలు మరమ్మతులే ముందుగా పెరుగుతాయి.

ఇది మన సీమకే పరిమితమైన సంగతి కాదు. 1973లో చమురు సంక్షోభం వచ్చిన సంవత్సరం అమెరికాలో 1 కోటి 52 లక్షల సైకిళ్ళు అమ్ముడుపోయినవి. ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చి జనం చేతిలో డబ్బు తగ్గగానే, 1975 నాటికి అమ్మకాలు 73 లక్షలకు పడిపోయినవి. క్యూబాలో 1990 తరువాత సోవియట్ చమురు ఆగిపోయినప్పుడు ప్రభుత్వమే చైనా నుండి పది లక్షలకు పైగా సైకిళ్ళు తెప్పించి పంచింది. అక్కడ పెట్రోలు లేదు గాని, సైకిలు కొనే భారాన్ని చాలామటుకు ప్రభుత్వం మోసింది. పేదవాడు తానే కొనవలసివస్తే ఎలా ఉంటుందో 1948 నాటి ఇటలీ చలనచిత్రం ‘బైసికిల్ థీవ్స్’లో చూడవచ్చు. కుదువలో ఉన్న సైకిలును విడిపించడానికి ఆ ఇల్లాలు పడక దుప్పట్లు కుదువ పెడుతుంది. సైకిలు లేనిదే ఆ ఉద్యోగం లేదు.

పల్లె సైకిలు షాపు లెక్క పట్టణపు షాపు లెక్కకు భిన్నం. కొత్త సైకిలు కావలసినవారు పావగడకో, హిందూపురానికో, పెనుకొండకో పోయి, నాలుగు రకాలు చూచి కొంటారు. ఊరి షాపువానికి మిగిలేది పంక్చరు, గాలి, బెండు తీయడం, బ్రేకు కట్టలు, చైను, ఏడాదికొకసారి ఓవరాయిలింగు. అద్దె సైకిళ్ళ కాలం గడిచిపోయింది. సామాను అమ్మకంలో లాభం స్వల్పం, అసలు రాబడి చేతిపనికి వచ్చే కూలి. ఆ కూలిలో అధికభాగం ఉద్దర. శెనగ విత్తే జూన్, జూలై నెలలలో రాసిన పద్దు, పంట అమ్మిన తరువాత దీపావళికో సంక్రాంతికో తీరుతుంది. వాన తప్పితే పద్దు తీరదు. అటు లూధియానా టైరుకు, ట్యూబుకు టోకు వ్యాపారి మాత్రం రొక్కం అడుగుతాడు. పని ఎక్కువైన సంవత్సరంలోనే షాపు చితికిపోవడం ఇందువలననే.

ఇంకొక చిన్న సంగతి. పడావు పడిన పొలాలలో జాలి ముళ్ళు, పల్లేరు కాయలు పెరుగుతాయి. కరువు ఏడాదిలో పంక్చర్లు ఎక్కువ కావడానికి అదియును ఒక కారణమని చెప్పుకోవచ్చు.

కరువు మరీ ముదిరితే వలస మొదలవుతుంది. 2001 తరువాత వరుసగా వచ్చిన కరువు సంవత్సరాలలో పావగడ, అనంతపురం సీమ పల్లెల నుండి బెంగుళూరుకు పోయినవారు ఎందరో. 2023లో కూడా కర్ణాటకలోని 236 తాలూకాలలో 223ను కరువు తాలూకాలుగా ప్రకటించారు. ఇంటివారు వలసపోతే సైకిలుకు గాలి ఉండదు. బరువంతా రిమ్ము మీద పడి టైరు పక్కలు పగులుతాయి, ట్యూబు మడతల వద్ద అతుక్కుపోతుంది, చైను తుప్పు పడుతుంది. షాపువానికి ఆ ఇంటి మరమ్మతూ లేదు, పాత పద్దూ రాదు.

ఊరిలో పని దొరికితే కథ వేరు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన గ్రామీణ ఉపాధి హామీ పథకంలో, ఊరికి 5 కిలోమీటర్లలోపు పని చూపవలెనని, దూరమైతే 10 శాతం అదనపు కూలి ఇవ్వవలెనని నిబంధన ఉండేది. ఆ 5 కిలోమీటర్లు నడిస్తే గంటకు పైన, సైకిలు మీద అరగంటలోపు. ఎండాకాలంలో ఈ తేడా కూలివానికే తెలుస్తుంది.

వల్లూరు విషయంలో మరొక మార్పు కలిసింది. 2015లో ఏర్పడిన కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలను కౌలుకు తీసుకొని 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కును నెలకొల్పింది. 2018 మార్చి 1న మొదటి దశ ప్రారంభమయింది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు అని ఒప్పందం. ఐదెకరాల రైతుకు మొదటి లెక్కనే ఏడాదికి 1,05,000 రూపాయలు వచ్చును. ఒకేసారి చేతికందే సొమ్ము మోటారుబండికి మొదటి కంతు కావడానికి అనువైనది. పొలం లేనివారికి ఆ కౌలు రాలేదు. పైగా శెనగ పొలాలలో దొరికే కలుపు, కోత కూలి పోయింది. వారిలో కొందరికి పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా వంటి పనులు దొరికినవి. మిగిలినవారు పని వెదుకుతూ పొరుగూళ్ళకు పోవలసినదే. ఒకే ఊరిలో ఒక ఇంటికి సైకిలు అనవసరమై, పక్క ఇంటికి మునుపటి కంటె అవసరమయింది. ఊరంతటికీ ఒకే లెక్క కట్టి ‘సైకిలు వాడకం తగ్గింది’ అనేవారు ఈ పక్క ఇంటిని చూడడం లేదు.

ధరలు, బస్సులు కలిసి సైకిలును బయటకు తెచ్చిన ఉదాహరణ 2020. లాక్‌డౌన్‌లో బస్సులు నిలిచి, జనం గుంపులకు జంకడంతో మే నెలలో దేశంలో 4,56,818 సైకిళ్ళు, సెప్టెంబరులో 11,21,544 సైకిళ్ళు అమ్ముడుపోయినవి. మే నుండి సెప్టెంబరు వరకు మొత్తం 41,80,945 అని తయారీదారుల సంఘం తెలిపింది. అదే ఏడాది జూన్ 3న, ప్రపంచ సైకిలు దినం నాడే, అట్లాస్ సంస్థ సాహిబాబాద్‌లోని తన చివరి కర్మాగారాన్ని డబ్బు లేక మూసివేసింది. గిరాకీ వచ్చే వేళకు సంస్థ చేతిలో రొక్కం లేదు. 2021 జూన్‌లో కర్ణాటక, ఆంధ్ర రాష్ట్రాలలో పెట్రోలు లీటరు 100 రూపాయలు దాటినప్పుడు మళ్ళీ సైకిలు మాట వినిపించింది గాని, సరిహద్దులో ఉన్నవారు కర్ణాటక బంకులలో ధర తక్కువని ఇటు వచ్చి పోయించుకొని సర్దుకున్నారు.

బడి పిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పవలెను. కర్ణాటక ప్రభుత్వం 2006-07లో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ఉచిత సైకిళ్ళ పథకాన్ని ప్రారంభించింది. కోవిడ్ కారణంగా 2020-21లో పంపిణీ నిలిచి, ఆ తరువాత కొన్ని ఏళ్ళు సైకిళ్ళు అందలేదు. ఈ పథకం వలన షాపులో కొత్త సైకిలు అమ్మకం తగ్గినా, మరమ్మతు పెరిగింది. పంపిణీ ఆగిన తరువాత అక్క సైకిలు తమ్మునికి, చెల్లికి వస్తున్నది. 2023 జూన్ 11 నుండి కర్ణాటకలో, 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రలో మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమయింది. బస్సు వేళకు వచ్చే ఊరి బాలికకు ఇది మేలు. అయితే ఒక రాష్ట్రపు గుర్తింపు కార్డు రెండవ రాష్ట్రపు పథకానికి చెల్లదు. మడకశిర, రొద్దం వైపు చదువుకో, పనికో పోయేవారు ఇది గమనించవలెను. బస్సు రాని దారిలో సైకిలే గతి.

ఇటువంటి పాత సైకిలును వాడకంలోకి తేవాలంటే ముందు టైరు పక్కలు వంచి చూడాలి. నూలు కనిపిస్తే మార్చడమే మేలు, అతుకు నిలవదు. బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము రిమ్మును తాకుతున్నదేమో చూడాలి. చైనుకు శెనగనూనె పోయడం మన సీమలో అలవాటు. అది జిడ్డుకట్టి దుమ్మును పడుతుంది, కుట్టుమిషను నూనె వంటి పలుచని నూనె చాలును. పంక్చరైన సైకిలు ఎక్కి తొక్కితే వాల్వు దగ్గర ట్యూబు తెగుతుంది, పది రూపాయల అతుకుతో పోయేది కొత్త ట్యూబు ఖర్చవుతుంది. చక్రాల కోనులు, బాల్సు ఏడాదికొకసారి విప్పించి గ్రీజు పెట్టించినచో సైకిలు మరికొన్ని ఏళ్ళు నడుస్తుంది.

కొత్తది కొనదలచినవారికి ఒక సంగతి. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ళమీద, విడిభాగాలమీద జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. 5,000 రూపాయల అసలు ధరకు పన్ను 600 ఉండేది, ఇప్పుడు 250. ఊరి చిన్న షాపులలో చాలామటుకు జీఎస్టీ నమోదు ఉండదు, కాబట్టి వారి చీటీలో పన్ను వేరుగా కనిపించదు. తగ్గింపు టోకు ధర ద్వారానే వారికి చేరుతుంది. పట్టణంలో కొనేవారు పన్ను వేరుగా చూపిన బిల్లు అడిగి తీసుకొని, ఫ్రేము నంబరు అందులో రాయించుకొనవలెను. ఆ బిల్లు సరిహద్దుకు ఏ వైపున కొన్నదైనా చెల్లుతుంది.